మూడు కర్రల అబద్ధం

బాంగ్‌జు తాత నోటితో అబద్ధం ఆడి ఎరగడు. అబద్ధాలన్నీ ఆయన తన వాకిలి చేత ఆడించేవాడు.

కొరియా దేశపు జేజు దీవిలో ఎక్కడ గునపం వేసినా నల్లరాయే తగులుతుంది, కాబట్టి గోడలన్నీ ఆ రాళ్ళతోనే. సముద్రపు గాలి ఒక్క పూట ఊరుకోదు, కాబట్టి రాళ్ళ మధ్య దాని దారి దానికి వదిలేస్తారు. ఆ గాలిలో వీధిలోంచి "ఎవరండీ ఇంట్లో?" అని అరిస్తే ఆ కేక పక్క ఊరికి పోతుందే తప్ప ఇంట్లోకి రాదు. అందుకని ఆ రోజుల్లో వాకిలే జవాబు చెప్పేది. అటొక రాతి కంబం, ఇటొక రాతి కంబం, వాటి చిల్లుల్లో అడ్డంగా కర్రలు. కర్ర లేకపోతే ఇంట్లో మనిషున్నట్టు. ఒకటి ఉంటే ఇప్పుడే వస్తారు, రెండుంటే కాస్త ఆలస్యం, మూడూ ఉంటే ఇవాళ్టికి ఆశ వదులుకోమని.

బాంగ్‌జు తాత వాకిలికి ఎప్పుడు చూసినా మూడు కర్రలే. మనిషి మాత్రం లోపలే ఉండేవాడు.

కోడలు కుమ్‌సిల్‌కి ఇది తలవంపులుగా ఉండేది. ఆమె, మొగుడు సోక్‌హో బయటి ఇంట్లో కాపురం, భార్య పోయిన మామగారు లోపలి ఇంట్లో. ప్రహరీ ఒకటే, పొయ్యిలు రెండు. అక్కడి మర్యాదే అది. ఆలుమగలు పొద్దున్నే పొలానికి పోతే సాయంత్రానికి తిరిగొచ్చేవారు. వచ్చేసరికి ఏదో ఒక ఫిర్యాదు కాచుకుని ఉండేది.

"మామయ్యా, ఇంట్లో కూర్చుని మూడు కర్రలు పెడతారేంటి? చుట్టం వచ్చి తిరిగి వెళ్ళిపోయాడట!"

"ఎవరు?"

"మీ చెల్లెలి మొగుడు."

"అయితే కర్రలు బాగానే పనిచేశాయి."

ఆ ఏడు ఊరిపెద్ద హ్యోన్‌కి ఇనప గేట్ల పిచ్చి పట్టింది. పట్నం నుంచి అధికారులు వచ్చేసరికి ప్రతి వాకిలికీ ఆకుపచ్చ గేటు ఉండాలన్నాడు. అందరూ సరేనన్నారు. తాత మాత్రం ఊరిపెద్ద వీధి మలుపు తిరగడం చూసి, అతని కళ్ళ ముందే మూడు కర్రలూ దూర్చి, వాటి వెనక నిలబడి పళ్ళు కుట్టుకోసాగాడు.

"బాబాయ్, గేటు సంగతి మాట్లాడదామని వచ్చాను."

"ఇంట్లో ఎవరూ లేరు."

"మీరున్నారుగా!"

"కర్రలు చూడు."

"కర్రలేంటి బాబాయ్, మిమ్మల్నే చూస్తున్నాను!"

"పరాయి ఇంటికొచ్చి చూసే పద్ధతి అది కాదు. సాయంత్రం రా."

సాయంత్రం వచ్చాడు. మూడు కర్రలూ అలాగే ఉన్నాయి. లోపల తాత గొంతెత్తి పాడుకుంటున్నాడు.

కుమ్‌సిల్ బెంగ వేరు. ఒంటి మనిషి రోజూ కుండెడు బార్లీ అన్నం, దానికి తగ్గ ముల్లంగి పులుసు వండేవాడు. రాత్రి అయ్యేసరికి ఆమె పొయ్యి దగ్గరికి వచ్చి చేతులు నలుపుకునేవాడు.

"అమ్మాయ్, మాడు ముక్కైనా ఉందా?"

"పొద్దున నలుగురికి సరిపడా వండారుగా!"

"నలుగురి ఆకలి వేసింది మరి."

పెద్దాయనకి మతి తప్పుతోందని ఆమెకి నిజంగానే భయం వేసింది. ఆయనంటే ఆమెకి ప్రాణం. "ఆ కర్రలు పీకించి గేటు పెట్టించెయ్యి, తాళం మన దగ్గర ఉంటుంది" అని మొగుడికి చెప్పింది ఆమే. సోక్‌హో ఆ మాట కోసమే చూస్తున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కొడవలి మరిచిపోయి కుమ్‌సిల్ ఇంటికి వచ్చింది. మూడు కర్రలూ దాటుకుని ముందుగా దొడ్డికి వెళ్ళింది. అక్కడ దొడ్డంటే చుట్టూ రాతిగోడ, పైన ఆకాశం, కింద పంది. ఆ వేళ పంది పక్కన మామగారు కూడా ఉన్నారు. ఆయన తల మీద ముల్లంగి తొక్కలున్నాయి.

"మామయ్యా!"

"ష్! నేను ఊళ్ళో లేను. నువ్వూ లేవు. కూర్చో."

రాళ్ళ సందులోంచి చూపించాడు. లోపలి ఇంటి అరుగు మీద పక్కింటి మానోక్ పెద్దమ్మ గిన్నె పట్టుకుని అన్నం తింటోంది. వయసంతా సముద్రంలో మునిగి నత్తలు ఏరుకుని ఒంటరిగా బతికిన మనిషి. నీళ్ళు ముందు చెవులు తీసుకున్నాయి, ఈ ఏడు ఊపిరి కూడా తీసుకుంటుంటే మునగడం మానేసింది. ఊరిపెద్ద జాలిపడి బార్లీ మూట తెస్తే మూటనీ ఊరిపెద్దనీ కలిపి వీధిలోకి గెంటింది.

"పిలిచి పెట్టొచ్చుగా మామయ్యా?"

"పిలిస్తే వస్తుందా? మూడు కర్రలుంటే పక్కింటివాళ్ళు పందికీ కోళ్ళకీ మేత వెయ్యాలి. మేత వేసినవాళ్ళు ఆ ఇంట్లో ఓ ముద్ద తినాలి. ఆవిడ నాకు సాయం చెయ్యడానికి వస్తుంది, తినడానికి కాదు. తిన్నాక మిగిలిందంతా పందికే పోస్తుంది. మేత మాత్రం గోడవతల నుంచి చూడకుండా విసురుతుంది." ఆయన జుట్టులోంచి ఓ తొక్క తీసి పందికి ఇచ్చాడు. "గేటు పెడితే, ఇంట్లో లేరని అదీ చెబుతుంది. లోపలికి రమ్మని మాత్రం చెప్పదు."

కుమ్‌సిల్‌కి సిగ్గుతో తల వాలిపోయింది. ఏదో అనబోయేంతలో వాకిట్లో గునపం రాయికి తగిలిన చప్పుడు. సోక్‌హో, ఊరిపెద్ద, ఓ కూలీ. కంబాలు పీకడానికి వచ్చేశారు.

మానోక్ పెద్దమ్మ గరిటె పట్టుకుని లేచి వాకిట్లోకి వచ్చింది. సగం చెవిటి మనిషి, సముద్రం మీద కేకలు వేసిన గొంతు.

"ఎవడ్రా అది? ఇంట్లో ఎవరూ లేరు!"

"నేనే పెద్దమ్మా, సోక్‌హోని! ఇది మా ఇల్లు!"

"కర్రలు కనపడట్లేదూ? ఇంటివాళ్ళు వచ్చేదాకా ఈ ఇంటికి దిక్కు నేను!"

"ఇంటివాణ్ణి నేనేగా!"

"ఇంటివాడైతే కర్రలు తీసి లోపలికొస్తాడు. గునపంతో కంబాన్ని పొడిచేవాణ్ణి ఏమంటారో తెలుసా?"

ఊరిపెద్ద చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "గేటు పెడితే మీకే మంచిదమ్మా. రోజూ వచ్చి కాపలా కాసే బాధ తప్పుతుంది."

పెద్దమ్మ "బాధా? బాధ అని నీకు నేను చెప్పానా?" అంది. తర్వాత వాకిలి పక్కనున్న కుడితి కుండలో గరిటె ముంచింది. ఊరిపెద్ద తెల్ల చొక్కా తెల్లగా ఉండటం అదే ఆఖరు. ముగ్గురూ గునపం వదిలేసి పరుగెత్తారు.

పెద్దమ్మ ఆయాసపడుతూ వచ్చి అరుగు మీద కూర్చుంది. "నేను లేకపోతే ఈ ముసలాడి కొంప ఇవాళ వీధిన పడేది" అని గాలితో చెప్పింది. కుండ దగ్గరికి లాక్కుని గిన్నె నిండా మళ్ళీ అన్నం పెట్టుకుంది.

తాత కోడలి మోచెయ్యి గిల్లాడు. "చూశావా! రోజూ అరగిన్నెతో లేచిపోయేది. ఇవాళ రెండోసారి పెట్టుకుంటోంది!" ఆయన మొహం చూసి కుమ్‌సిల్‌కి ఎంత ముద్దు వచ్చిందో చెప్పలేం. లంగా అంచు పంది నములుతున్నా ఆమె కదల్లేదు.

"గేటు ఇంక ఈ ఇంటికి రాదు మామయ్యా. మీ అబ్బాయి సంగతి నేను చూసుకుంటాను. రేపటి నుంచి పులుసు కూడా నేనే కాస్తాను. మీరు కాచింది పాపం ఆవిడ ఎన్నాళ్ళు భరిస్తుంది?"

తాతకి రోషం పొడుచుకొచ్చింది. కానీ ఊళ్ళో లేని మనిషి కాబట్టి పైకి ఏమీ అనలేకపోయాడు.