పెదనాన్న చొక్కా వేసుకున్న శనివారం

కంప్యూటర్ షాపులో దుమ్ము తుడిచే పిల్లను కూడా ‘ఇంజనీరమ్మ’ అని పిలిచే మంచి కాలం ఒకటుండేది. ఆ కాలంలో నేను మదనపల్లె బస్టాండు దగ్గర ఒక రిపేరు షాపులో చేరాను. పని అంటే ఏముంది, వచ్చిన సీపీయూల మూతలు విప్పి బ్రష్షుతో దులపడం, రసీదు రాయడం, లోపల కాపురం పెట్టిన బొద్దింకలను ఖాళీ చేయించడం. మా ఓనరన్నను అందరూ ఫార్మాటప్ప అనేవాళ్ళు. ఏ జబ్బుతో ఏ కంప్యూటర్ వచ్చినా ఆయన దగ్గర ఒకటే మందు: లోపలున్నదంతా తుడిచేసి మళ్ళీ కొత్తగా ఎక్కించడం. తలనొప్పి అంటే తలే తీసేసే వైద్యమన్నమాట. నాకూ అదొక్కటే వచ్చు. అయినా చుట్టాల్లో నా పేరు మోగిపోతుండేది, నేనూ కాదనలేదు. ఊరికే వచ్చే పేరును ఎవరు మాత్రం వద్దంటారు?

ఒక శనివారం పొద్దున్నే పుంగనూరు పక్క పల్లె నుంచి పెదనాన్న ఫోను. గొంతు బాగా తగ్గించి, “అమ్మా, ఉన్నపాటున రా. కంప్యూటర్లోకి పోలీసోళ్ళొచ్చినారు” అన్నాడు. ఎంతమంది అని అడిగాను. “మనుషులు కాదుమ్మా, నోటీసొచ్చిండాది. దాంట్లో నా ఫోటో ఉండాది. బనీనుతో.” ఆ చివరి మాట వినపడీ వినపడనట్టు అన్నాడు. మా పెదనాన్న ఊళ్ళో పాల కేంద్రం చూసేవాడు. పాలలో నీళ్ళు కనిపిస్తే సొంత బావమరిది క్యాను కూడా వెనక్కి పంపిన మనిషి. అలాంటి మనిషిని బనీనుతో పోలీసులు పట్టుకోవడమా!

అంతలో ఆయన కూతురు, మా అక్క, ఫోను లాక్కుంది. కుప్పంలో యూనివర్సిటీలో చదువుతూ ఆఖరి ఏడాది ప్రాజెక్టు రాస్తోంది. సోమవారం పది గంటలకు కుప్పంలో ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏడాది పోయినట్టే. తొంభై పేజీలూ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయట. పెన్‌డ్రైవులో వేసుకోలేదా అంటే, “రేపు ఏసుకుందాంలే అనుకుంటినే” అని ఏడుపు. వచ్చి కాపాడతానని గొప్పగా చెప్పేసి, పుంగనూరు బస్సెక్కాక గానీ గుర్తురాలేదు, నాకొచ్చిన ఒకే ఒక్క వైద్యం చేస్తే పోయేది ఆ తొంభై పేజీలేనని.

వెళ్ళేసరికి ఇల్లంతా గంభీరంగా ఉంది. కంప్యూటర్ తెర నిండా ముద్రలూ, ఇంగ్లీషూ: మీరు చట్టవిరుద్ధమైన పనులు చేశారు, కూపను కొని దాని నంబరు ఇక్కడ కొట్టి జరిమానా కట్టండి, లేకపోతే అరెస్టు అని. కింద టైము తరిగిపోతోంది. ఏ మీట నొక్కినా ఆ నోటీసు కదలదు. మూలన చిన్న పెట్టెలో, ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మొహం. పెదనాన్న అప్పటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, విభూతి పెట్టుకుని దాని ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పెద్దమ్మ అటువైపు పోవాల్సి వచ్చినప్పుడల్లా భుజం నిండా కొంగు కప్పుకుని వంగి పోతోంది.

నిజం చెప్పాలంటే రెండు నిమిషాల్లో నాకు సంగతి అర్థమైపోయింది. నెల కిందటే షాపుకు ఇలాంటిదొకటి వచ్చింది. అందులో స్టేషను పేరు లేదు, కేసు నంబరు లేదు, ఇంగ్లీషు నాకన్నా తప్పులు. కూపన్లతో జరిమానా తీసుకునే పోలీసులు ఏ దేశంలోనూ ఉండరు. ఫోటో ఎవరూ తీయలేదు, కంప్యూటర్ మీదున్న కెమెరా ఎదుటివాళ్ళను చూపిస్తోందంతే. డబ్బు గుంజే దొంగ ప్రోగ్రామది. ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే నేను మంచిపిల్లను అయ్యేదాన్ని. కానీ నా పాడుబుద్ధి ఊరుకుంటుందా? కళ్ళద్దాలు సర్దుకుని, “ఊఁ... గట్టి కేసే. ఎవరేం చేశారో ముందే చెబితే నాకు పని తేలికవుతుంది” అన్నాను.

ముందుగా పెద్దమ్మ వంటింట్లోకి పిలిచింది. “కుప్పంలో పెండ్లికి పోయినప్పుడు నా చెప్పులు పోయినాయని వేరేవాళ్ళవి ఏసుకోనొస్తినే. అయి కొత్తవి. ఇంటికొచ్చి సూస్తే నాయి నా సంచీలోనే ఉండాయి. దానికేనంటావా?” కావచ్చు పెద్దమ్మా అన్నాను. తర్వాత అక్క దొడ్లోకి లాక్కుపోయింది. ప్రాజెక్టు కోసం యాభై మంది టమాటా రైతులను కలవాలట. “ముప్పై మందిని కలిస్తి. ఎండలకు తట్టుకోలేక మిగిలిన ఇరవై మందిని ఫ్యాన్ కింద కూర్చోని పుట్టిస్తి” అంది. ఆఖరికి పెదనాన్న అందరినీ బయటికి పంపి, తలుపేసి, కెమెరా మీద తువ్వాలు కప్పి, నా చెవిలో చెప్పాడు. “ఒగే ఒగసారి, మా బర్రె తక్కువిచ్చిన పొద్దు, మన క్యాన్లో చెంబుడు నీళ్ళు పోస్తి. చెంబే.” పాపం, ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు నవ్వాగక గట్టిగా దగ్గాల్సి వచ్చింది.

ఇక పనిలోకి దిగక తప్పలేదు. ఫార్మాటప్పకు ఫోన్ చేస్తే, అనుకున్నట్టే, “కొట్టేయమ్మా ఫార్మాట్” అన్నాడు. లోపలి ఫైళ్ళు కావాలని చెప్పాను. ఆయన కాసేపు నొచ్చుకుని, తర్వాత దారి చెప్పాడు. నెట్ వైరు పీకేశాను. బటన్ గట్టిగా నొక్కి ఆపి, మళ్ళీ ఆన్ చేస్తూ ఎఫ్ ఎయిట్ టకటకా కొట్టి, అత్యవసరమైనవి తప్ప వేరే ప్రోగ్రాములేవీ లేవని సేఫ్ మోడ్‌లోకి వెళ్ళాను. అమ్మయ్య, నోటీసు రాలేదు! అక్క ఫైలు చెక్కు చెదరలేదు. ఆ దొంగ ఇంట్లో ఏదీ ముట్టుకోలేదు, గుమ్మానికి అడ్డంగా పడుకుందంతే. ముందు తొంభై పేజీలనూ పెన్‌డ్రైవులో వేసి అక్క చేతిలో పెట్టాను. తర్వాత, కంప్యూటర్ లేవగానే లేచే ప్రోగ్రాముల జాబితాలో పేరూ ఊరూ లేని అక్షరాలతో ఒకటి కనిపించింది. అదెక్కడ దాక్కుందో చూసి, తీసేయబోతూ తేదీ చూశాను.

పోయిన ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. ఆ ఆదివారం భోజనానికి వచ్చింది నేనే. అక్క కుప్పం బస్సెక్కింది, పెద్దవాళ్ళు నిద్రపోయారు, నేను ఫ్రీ పాటల కోసం ఏదో సైటు తెరిచి, అది అడిగిన ప్రతిదానికీ ‘ఎస్’ ‘ఎస్’ అని నొక్కి, పాట రాలేదని విసుక్కుని ఆపేసి వెళ్ళాను. ఆ తర్వాత మళ్ళీ శనివారం దాకా దాన్నెవరూ ఆన్ చేయలేదు. ఇంటిల్లిపాదీ నేరం ఒప్పుకున్నారు, నేరస్తురాలు తప్ప!

గబగబా దాన్ని తీసేశాను, షాపు సీడీతో వైరస్ స్కాను కూడా చేశాను. మామూలు తెర రాగానే, వచ్చింది పోలీసులు కాదు, నెట్లోంచి ఎవరో ఎక్కించిన దొంగ ప్రోగ్రామని చెప్పాను. పెద్దమ్మ నా తల నిమిరి, “ఎవురు తెచ్చిపెట్టినారో ఈ పీడ, వాళ్ళ చేతులు పడిపోనూ” అంది. ఆ చేతులతోనే నేను మానిటర్ తుడుస్తూ కూర్చున్నాను. ఆ రోజు నాకోసం కోడి కోశారు, సంగటి చేశారు. ముద్ద దిగలేదని రాయాలనే ఉంది గానీ, మూడుసార్లు వడ్డించుకున్నాను. అక్క సోమవారం ప్రాజెక్టు ఇచ్చేసింది, ఇరవై మంది ఉత్తుత్తి రైతులతో సహా పాసయ్యింది.

ఇప్పుడు కుప్పంలో బడిపిల్లలకు కంప్యూటర్ చెబుతున్నాను. అడిగిన ప్రతిదానికీ ఎస్ నొక్కకండిరా అని నెత్తీ నోరూ బాదుకుంటాను. (ఎవరి అనుభవం టీచర్ అంటే మాత్రం వినపడనట్టు ఉంటాను.) మొన్న పెదనాన్న ఫోను చేశాడు. ఎవడో పోలీసు డ్రెస్సు వేసుకుని వీడియో కాల్‌లో అరెస్టు చేస్తానన్నాడట. “బనీను మీదే మాట్లాడితినమ్మా. ‘మీ అట్లాంటోడికి ఒగసారి చొక్కా ఏసుకోని కూర్చుంటి, ఇంగ ఏసుకోను పోప్పా’ అంటి. ఫోను పెట్టేసినాడు.”

నవ్వీ నవ్వీ, ఆ ఊపులో ఇన్నేళ్ళ బరువు దించేసుకున్నాను. “పెదనాన్నా, ఆ పొద్దు దాన్ని ఎక్కించింది నేనే.”

“తెలుసులేమ్మా.”

“ఎట్లా?”

“ఆ పొద్దు అది బాగైనాక అందురూ ఎవురు ఎక్కించింది, ఎవురు ఎక్కించింది అంటా ఉండ్రి. నువ్వొగదానివే అడగలేదు. ఇరవై ఏండ్లు పాలు పోయించుకుంటిని. నీళ్ళు కలిపినోళ్ళు నా మొగం సూడరు, క్యాను మూత సూస్తారు.”

“మరి యాల చెప్పలేదు?”

“నా చెంబు సంగతి నువ్వెవురికన్నా చెప్పినావా? ఇంగేం మరి.”

అందరి గుట్టూ నా గుప్పిట్లో ఉందని ఇన్నేళ్ళూ మురిసిపోయిన ఆ కళ్ళద్దాల పిల్లను తలుచుకుంటే, నవ్వుతోపాటు కొంచెం ముద్దు కూడా వస్తుంది. ఇదంతా రాసుకుంటాను పెదనాన్నా అన్నాను.

“రాసుకోమ్మా. బిందె అని మాత్రం రాయొద్దు. చెంబు అనే రాయి.”

చెంబు అనే రాశాను.