మా మామ ఒక్క మాటతో సరిపెట్టిన రోజు

నా చిన్నప్పుడు మా మేనమామకు వచ్చినంత ఇంగ్లిషు ఆత్మకూరులో ఇంకెవరికీ రాదని మా ఇంటిల్లిపాదికీ ఒకటే గొప్ప. ఆయన దొరలకు పంపే అర్జీలు రాసిపెట్టేవాడు. ఆ అర్జీల్లో ఏ మాటా ఒంటరిగా ఉండేది కాదు. 'హంబుల్' పక్కన అదే అర్థమిచ్చే 'మీక్', 'ట్రూ' పక్కన 'ఫ్యాక్ట్'. పెద్దల ముందు ఒక్క మాటతో సరిపెడితే మర్యాద కాదనేవాడు. చెడ్డ సంగతైతే దాని ముందు 'కొంచెం' చేర్చాల్సిందే. ఆ మాటకొస్తే మా అందరి పద్ధతీ అదే. కాటికి కాళ్లు చాపుకున్న మనిషిని కూడా 'జర పానం బాగలేదు' అనేవాళ్లం.

ఒక ఎండాకాలం, ఏడాది నిండని నా తమ్ముడికి గొంతు వాచి ఊపిరి అందకుండా అయింది. నాన్న మగ్గం పనికి షోలాపూర్ పోయి ఉన్నాడు. మామ బండి కట్టించి అమ్మనూ నన్నూ వనపర్తి దవాఖానకు తీసుకుపోయాడు. దారి పొడవునా అమ్మ వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉంది.

కొత్తగా వచ్చిన డాక్టరమ్మకు తెలుగు రాదు. తెలుగొచ్చిన నర్సమ్మ ఆ పూట పల్లెలకు పోయిందట. పిల్లవాడు ఎండకు కప్పిన అమ్మ కొంగు కిందే ఉన్నాడు, ఆమెకు కనబడలేదు. మామ తలపాగా సర్దుకుని, చేతులు కట్టుకుని, దండాలతో మొదలుపెట్టి, 'స్మాల్ లిటిల్ బేబీ' దాకా వచ్చి, చివరికి 'ఎ లిటిల్ వెరీ సీరియస్' అన్నాడు. కొంచెమూ, చాలా కూడా! ఆమె కొంచెమే అనుకుందేమో, బెంచీ చూపించి లోపలికి పోయింది.

అమ్మ కొంగు తీసి చూసింది. వాడి పెదవులు నేరేడు పండులా ఉన్నాయి.

"ఏం చెప్పినవ్ అన్నా గామెకు? పోరనికి ఊపిరాడుతలేదు!"

"మంచిగనే చెప్పిన..." అని గొణిగాడు మామ. మరుక్షణం పిల్లవాణ్ణి లాక్కుని లోపలికి ఉరికాడు. తలపాగా జారి కిందపడ్డా చూడలేదు. దండం లేదు, మేడమ్ లేదు. "డైయింగ్!" అని అరిచాడు. చస్తున్నాడని, సొంత మేనల్లుణ్ణి, తన నోటితో.

ఆమె వాణ్ణి అందుకుని పరుగెత్తింది. మామ గోడకు ఒరిగి, ఆ నోటినే చేత్తో కొట్టుకుంటూ ఏడ్చాడు. ఆయన ఏడవడం చూసి నాకు వాడు పోయాడనే అనిపించింది.

తమ్ముడు బతికాడు. ఇప్పుడు వాడికే మనవలున్నారు.

ఎవరి ప్రాణం మీదికొచ్చినా నేను ఆ సంగతి సూటిగానే చెప్తాను. అత్తకు నోరు మంచిది కాదని నా కోడళ్లు మూతి తిప్పుకుంటారు. తిప్పుకోనీ. తమ్ముణ్ణి బతికించిన ఆ ఒక్క మాట అన్నందుకు మా మామ ఎంత ఏడ్చాడో వాళ్లు చూడలేదు.