శుక్రవారం కొమ్ము

ఇల్లందులో మాది టెంట్ హౌస్. షామియానాలు కిరాయికి, కుర్చీలు కిరాయికి, వంటగిన్నెలు కిరాయికి. ఆ మాట వింటూనే పెరిగాను. అందుకే ఓ రోజు మా నాన్న, మేం అబ్బా అంటాం, మోకాళ్లకు నూనె రాసుకుంటూ, "దుకాణమే కిరాయికిస్త బేటీ, ఇగ నాతోని కాదు" అంటే ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండింది.

"నేను లేనా?" అన్నాను.

"నువ్వు కంప్యూటర్ చదువుకున్నవు. మేకులేం కొడతవు?"

నడక రాకముందే షామియానా మడతల మీద పడి నిద్రపోయినదాన్ని నేను. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నా, సాయంత్రమైతే కుర్చీలు పేర్చేది నేనే. ఆ కోపంలోనే పందెం కట్టాను. ఈ పెళ్లిళ్ల సీజన్‌లో బుకింగులన్నీ వెబ్‌లో నేను చూసుకుంటా, గడబిడ లేకుండా నడిస్తే దుకాణం నాకు. అబ్బా నూనె సీసాకు మూత బిగిస్తూ, "సరే, నీ వెబ్ ఎట్ల నడుస్తదో చూస్త. గడబిడైతే మాత్రం కిరాయికే" అన్నాడు. అప్పటికే బస్టాండు దగ్గరి ప్లాస్టిక్ సామాన్ల వ్యాపారి వచ్చి దుకాణం అడిగి వెళ్లాడు.

పేజీ అంతా నేనే రాశాను. తారీఖు ఎంచుకునే క్యాలెండర్ మాత్రం రెడీమేడ్ తెచ్చి పెట్టాను. మా పనిలో అది మామూలే. ఎవరో ఎక్కడో రాసి ఉంచిన కోడ్ ముక్కను తెచ్చి నాలుగు లైన్లలో మన పేజీలో కూర్చోబెడతాం. అబ్బా మాత్రం షామియానా బట్ట తనే నేస్తాడా? కుట్టింది కొనుక్కొచ్చి మన కర్రల మీద నిలబెడతాడు. భాష తెలుగు అని చెప్పగానే నెలల పేర్లన్నీ తెలుగులోకి వచ్చేశాయి, ముచ్చటేసింది. ఫోన్‌లో చోటు తక్కువ కాబట్టి వారాల పేర్లకు ఒక్కో అక్షరమే చూపించమన్నాను. నేనే నొక్కి చూసుకున్నాను, బాగానే ఉంది.

సీజన్ సగం దాకా నల్లేరు మీద బండిలా సాగింది. ఆ గురువారం అబ్బా వ్యాను, పనోళ్లను తీసుకుని మణుగూరు కాలనీలో పెళ్లికి వెళ్లాడు. మధ్యాహ్నం దుకాణంలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఫోన్ వచ్చింది. అడవి అంచు ఊళ్లో బడిలో చదువు చెప్పే టీచరమ్మ.

"అమ్మా, రేపే కద గృహప్రవేశం. షామియానా సాయంత్రమే కట్టిపోతరా?"

నా తెరమీద ఆమె బుకింగ్ శనివారానికి ఉంది. అదే చెప్పాను.

"శనివారమేంది? పంతులు శుక్రవారం పెట్టిండు, నేను శుక్రవారమే నొక్కిన. నాకేమన్న కండ్లు కనపడయా?"

మీరే తప్పు నొక్కారని వాదించొచ్చు, నా దగ్గర రుజువూ ఉంది. కానీ రుజువు నీడనివ్వదు కదా, రేపు చుట్టాలను ఎండలో కూర్చోబెట్టాలి. అబ్బాను పిలిస్తే పెళ్లి పని వదిలి రావాలి, ఆ తర్వాత దుకాణం ప్లాస్టిక్ సామాన్లాయనకే. "సాయంత్రానికి కట్టి ఉంటది మేడమ్" అని మాటిచ్చేశాను. ఎట్లా కడతానో అప్పటికి నాకే తెలీదు.

గోదాములో వాడకం మానేసిన పాత షామియానా ఒక్కటే మిగిలి ఉంది. ఎరుపు వెలిసి గులాబీ అయింది, ఎలుకలు ఒక మూల కొరికాయి. ట్రాలీ ఆటో మాట్లాడుకుని కర్రలు, తాళ్లు, మేకులు వేయించుకుని నేనూ ముందు సీట్లో ఎక్కాను. దారిలో సూది దారం తీసి ఆ మూల కుట్టేశాను. కుదుపులకు వేళ్లకు గుచ్చుకుంది గానీ కుట్టు నిలిచింది.

ఊళ్లో టీచరమ్మ తమ్ముళ్లు, పక్కింటివాళ్లు కర్రలు పట్టుకున్నారు. నేను సమ్మెట ఎత్తేసరికి వాళ్ల భాషలో ఏదో అనుకుని నవ్వారు. నన్నే అయి ఉంటుంది, నాకు ఆ భాష రాదు. నవ్వుకోనీ అని మేకు మీద మేకు కొట్టుకుంటూ పోయాను. అబ్బా వేసే ముడి నా చేతులకు తెలుసు. పొద్దుగూకకముందే షామియానా లేచి నిలబడింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు టీచరమ్మ చాయ్ ఇచ్చి, తన ఫోన్ నా ముందు పెట్టింది.

"ఇప్పుడు చూడు, నేనేం నొక్కిన్నో. అంకె చూడలే, వారం చూసి నొక్కిన. గిది శుక్రవారం కాదా?"

చూశాను. ఆమె వేలు చివరి నుంచి రెండో నిలువు వరుస మీద ఉంది. మన గోడ క్యాలెండర్‌లో వారం ఆదివారంతో మొదలవుతుంది, ఆ లెక్కన అది శుక్రవారమే. నా రెడీమేడ్ క్యాలెండర్ ఏ దేశంవాళ్లు చేశారో, వారాన్ని సోమవారంతో మొదలుపెట్టింది. అక్కడ ఆ వరుస శనివారం. సరే, పైన పేరుందిగా అని చూద్దును కదా, ఆ వరుస మీదా "శ", దాని పక్క వరుస మీదా "శ".

ఒక్క అక్షరం చూపించమన్నాను కదా, చూపించింది. మనకు "శు" ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు శ వేరు, కొమ్ము వేరు. అది కొమ్ము విరిచేసి శ ఒక్కటే ఉంచింది. బుధ, గురువారాల కొమ్ములూ పోయాయి. కానీ ఆ పేర్లతో పోటీ పడే వారం ఇంకోటి లేదు. శుక్రవారానికే పక్కన శనివారం కూర్చుని ఉంది. తెలుగు చదివినదాన్ని, నేను రోజూ ఆ తెర చూస్తూ కూడా ఆ కొమ్ము లేదని కనిపెట్టలేదు. చాయ్ చల్లారిపోయింది.

ఇంటికొచ్చీ రాగానే అబ్బాకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆయన "ఊఁ" అని పెట్టేశాడు. ఆ "ఊఁ"కు అర్థం ఏమిటో తెలియలేదు. అయినా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. క్యాలెండర్‌ను తీసి పారేయలేదు, నా చేత్తోనే దారికి తేవాలని మొండికేశాను. వారం ఆదివారంతో మొదలయ్యేట్టు మార్చాను. శుక్ర, శని అని పేర్లు విప్పి రాశాను. చివర్లో ఒక ప్రశ్న పెట్టాను: "షామియానా శుక్రవారం కావాలి, అంతేనా?" కింద రెండు బటన్లు, "అవ్", "కాదు". ఆ తర్వాత నేను నొక్కి చూడటం మానేసి పక్కింటి చాచీతో నొక్కించాను. "అవ్" చూసి ఆమె పకపకా నవ్వింది.

శుక్రవారం గృహప్రవేశానికి కుర్చీలు దించుతుంటే అబ్బా మణుగూరు నుంచి తిన్నగా ఆ ఊరికే వచ్చాడు. ఒక్కో తాడూ లాగి చూస్తూ షామియానా చుట్టూ కుంటుకుంటూ తిరిగాడు. ఒక్క ముడి కూడా విప్పి కట్టలేదు. టీచరమ్మ ఎదురొచ్చి, "తప్పు నాదా, మీ పాప వెబ్‌దా చెప్పున్రి" అని నవ్వుతూ అడిగింది.

"మా దుకాణంది అమ్మా" అన్నాడు.

నేను కుర్చీల వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

సీజన్ అయిపోయాక ప్లాస్టిక్ సామాన్లాయన మళ్లీ వచ్చాడు. గడబిడ జరిగిన సంగతి ఊరంతా తెలుసు, ఆయనకు తెలియకుండా ఉంటుందా? కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏమన్నరు మరి, కిరాయి సంగతి?" అన్నాడు. నేను లోపల తాళ్లు చుడుతున్నదాన్ని అట్లాగే ఆగిపోయాను.

అబ్బా కళ్లజోడు పెట్టుకుని ఫోన్ తీసి, మా పేజీ తెరిచి ఆయన చేతికిచ్చాడు.

"కిరాయికి షామియానాలున్నయి, దుకాణం లేదు. ఏ రోజు కావాల్నో చూసి నొక్కు."