లౌన్ అంటే గాలి తగలని తావు

నా పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక చలికాలంలో, కువైట్‌లో నేను పనిచేస్తున్న ప్రైవేటు ఆసుపత్రివారు నన్ను ఎముకల వార్డుకు ఇన్‌ఛార్జి నర్సుగా మార్చారు. రెండో వారంలో తొమ్మిదో మంచానికి ఎనభై దాటిన ఒక ఇంగ్లీషాయన వచ్చారు. ఉత్తర ఇంగ్లండులో చేపలు పట్టే ఊరివారు. ఓడల మీద పనిచేసి, వయసయ్యాక, కువైట్‌లోనే ఫింటాస్ అనే పేటలో టీచరుగా ఉన్న కూతురి దగ్గరికి చేరారు. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. కూతురు అప్పుడు కువైట్‌లో లేదు. ఆపరేషన్ కాగితాల మీద ఆయనే సంతకం చేశారు.

రోగి తెలివిలో ఉన్నాడో లేదో కొలవడానికి మాకొక పద్ధతి ఉంది. కళ్లకు, మాటకు, కదలికకు విడివిడిగా మార్కులు వేస్తాం. మాటకు అయిదు. ఎక్కడున్నాడో, ఏ నెలో సరిగా చెబితే అయిదూ ఇస్తాం. తికమకపడితే నాలుగు. అడిగినదానికి పొంతనలేని మాటలొస్తే మూడు.

ఆపరేషన్ అయిన రెండో ఉదయం, ఎక్కడున్నారని అడిగాను. "లౌన్" అన్నారు. నెల అడిగితే "విష్ట్" అన్నారు. దుప్పటి మొహం మీదికి లాక్కుంటున్నారు, దానితోపాటు సెలైన్ గొట్టమూ వస్తోంది. నేను మూడు వేశాను. ఈజిప్టు డాక్టరుగారు చూసి, పెద్ద వయసువారికి ఆపరేషన్ తర్వాత వచ్చే మతి తడబాటు కావచ్చన్నారు. శాంతపరిచే ఇంజెక్షన్ రాశారు. అప్పటికీ గొట్టం లాగితే చేతులకు మెత్తని తొడుగులు కట్టమన్నారు. ఆ మందుతో ఒక చిక్కుంది. మగతలో ఉన్న మనిషిని ఫిజియోథెరపిస్టు నిలబెట్టలేరు. ఆ వయసులో నిలబడటం ఆలస్యమైతే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది. కొందరు మళ్లీ నడవనే నడవరు.

సిరంజిలోకి మందు తీసి మంచం దగ్గరికి వచ్చేసరికి ఈశ్వరమ్మ సూపు ఫ్లాస్కుతో లోపలికి వచ్చింది. రాయచోటి దగ్గర పల్లె ఆమెది. ఆ ఇంట్లో ఆరేళ్లుగా పెద్దాయనను చూసుకుంటోంది. కువైట్ ఇళ్లల్లో పనిచేసేవాళ్ల అలవాటు ప్రకారం ఆయనను బాబా అని, ఆయన కూతురిని మామా అని పిలుస్తుంది. ఆయన మళ్లీ "లౌన్" అన్నారు. ఆమె ఫ్లాస్కు కింద పెట్టి, స్టూలెక్కి, మంచానికి పైన చలికాలంలోనూ ఆగని ఏసీ రెక్కలను పక్కకు తిప్పేసింది. దుప్పటి లాగుతున్న చేతులు ఆగాయి.

"ఏమడిగారమ్మా?" అన్నాను.

"లౌన్ అంటే గాలి తగలని తావు గదా మేడం. బీచికి పోయినా గోడ సాటునే కూచుంటాడు బాబా. ఈడ నెత్తిన సలిగాలి కొడతాంటే ఎట్లుంటాడు?"

"మరి విష్ట్?"

"సద్దు సేయొద్దని. ఆ పక్క మంచం కింద మోటారు గుర్రుమంటాంది సూడండి." అది పుండ్లు పడకుండా వేసే గాలిపరుపు మోటారు. ఈశ్వరమ్మ నన్ను వింతగా చూసింది. "మీరు ఇంగ్లీషు సదువుకున్నోళ్లు గదా, మీకు తెలీదా?"

నాకు తెలియదు. అవి పెద్దాయన ఊరివైపు పాత మాటలని, ఆయన నాయనమ్మ వాడినవని తర్వాత తెలిసింది. ఈశ్వరమ్మ ఇంగ్లీషంతా ఆయన దగ్గరే నేర్చుకుంది కాబట్టి, అందరూ మాట్లాడే ఇంగ్లీషు అదేననుకుంది.

"బాబా సెవి మిషనేదీ?" అంది అప్పుడు.

ఆపరేషన్‌కు ముందు ఉంగరాలు, పళ్ల సెట్టు, చెవి మిషను తీసి డబ్బాలో పెట్టి పేరు రాయడం మా విధి. డబ్బా సొరుగులోనే ఉంది. దాని మీద పేరు నా చేతిరాతలోనే ఉంది. తిరిగి ఇవ్వడం మరిచిందీ నేనే.

ఆమె మిషను చెవిలో అమర్చింది. మళ్లీ అడిగాను. ఆసుపత్రి పేరు చెప్పారు, నెల చెప్పారు. ఇంతసేపూ నా పెదాలు కదలడమే కనిపించిందనీ, మాట వినపడలేదనీ అన్నారు. అయిదు మార్కులు. డాక్టరుగారికి ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పాను. ఆయన వచ్చి స్వయంగా పరీక్షించి ఇంజెక్షన్ రద్దు చేశారు. తీసిన మందును ఇంకో నర్సు సాక్షిగా పారబోసి ఇద్దరం సంతకాలు పెట్టాం.

మంచం దగ్గరికి వెళ్లి పెద్దాయనకు క్షమాపణ చెప్పాను. ఆయన నా చేతి మీద తట్టి ఏదో అన్నారు. ఇంకో పాత ఇంగ్లీషు మాట కాబోలనుకున్నాను. రెండోసారి అన్నప్పుడు అర్థమైంది. "నిమ్మళం" అంటున్నారు.

ఈశ్వరమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. "మా నాయన పోయినాడని ఫోనొచ్చిన దినం ఏడుస్తా కూచున్నా మేడం. మామా డ్యూటీలో ఉంది. మనసు కుదుటపడేదాన్ని మీ భాషలో ఏమంటారని అడిగినాడు బాబా. సెప్పినా. పొద్దుగూకేదాకా పక్కనే కూచోని అదే మాట అనినాడు."

ఆ మధ్యాహ్నమే ఫిజియోథెరపిస్టు ఆయనను నిలబెట్టింది. నాలుగో రోజుకు వాకరు పట్టుకుని కిటికీ దాకా నడిచారు. అలల్లేని సముద్రాన్ని చూసి "స్మోల్ట్" అన్నారు. ఈసారి ఈశ్వరమ్మను అడగనక్కర్లేకపోయింది. అయినా ఇంటికెళ్లి పెద్ద నిఘంటువు తీశాను. గాలీ నీరూ నెమ్మదించిన వేళకు వెయ్యేళ్ల కిందటి మాటట అది.

పదో రోజున కూతురు వచ్చి ఇంటికి తీసుకెళ్లింది. ఆయన కర్ర ఊతంతో నడిచే వెళ్లారు.

నా పొరపాటును నేనే లిఖితపూర్వకంగా నివేదించాను. డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు మరొకరికి అప్పగించే కాగితంలో ఆ నెల నుంచి రెండు వరుసలు పెరిగాయి: చెవి మిషను, కళ్లజోడు తిరిగి ఇచ్చారా? రోగి మాట, అలవాట్ల గురించి ఇంట్లో చూసుకునే మనిషిని అడిగారా? రెండో వరుసలో "బంధువు" అని రాయాలని పైవాళ్లు సూచించారు. "మనిషి" అనే ఉంచమని పట్టుబట్టాను. మాటకు మూడు మార్కులు వేసేముందు, ఆ మాట తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోవాలి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆలస్యంగా నేర్చుకున్న పాఠం ఇది.