మూడుసార్లు తెగిన పోగు

మొన్న మా మనవరాలు ఫోనులో చూపించిన సంగీత సభలో, నల్లకోట్లు వేసుకున్న పరదేశపు వాయిద్యగాళ్లంతా ఒక్కసారిగా ఆగి బొమ్మల్లా కూర్చున్నారు. వాళ్లు ఆగిన చోటే నలభై ఏళ్ల కిందట జమ్మలమడుగులో మా అమ్మ ఆగింది.

ఆ సంగీతం కట్టింది మా మేనమామ కొడుకు. మద్రాసులో వయొలిన్ నేర్చుకుని, జర్మనీ వెళ్లి అక్కడే స్థిరపడి, పెద్ద స్వరకర్త అయ్యాడు. వెళ్లేముందు వారం రోజులు మా ఇంట్లోనే ఉండి, అమ్మ చేతి జొన్నరొట్టెలు తింటూ, ఆమె రాట్నం పక్కన టేపురికార్డరు పెట్టుకుని కూర్చుని, ఆమె పాడే పాటను అందులో పట్టుకున్నాడు. మగ్గానికి నూలు కండెలు చుడుతూ పాడుకోవడానికి అమ్మ తానే కట్టుకున్న పాట అది. పోగు తెగితే వేళ్లు నాలుకతో తడిచేసుకుని, కొసలు రెండూ కలిపి పురిపెట్టాలి కాబట్టి, మాట సగంలో ఉన్నా పాట ఆగేది. రాట్నం కదిలాక ఆ సగం మాట నుంచే మళ్లీ సాగేది. ఆరోజు నూలు నాసిరకం, మూడుసార్లు తెగింది. "తెగినప్పుడన్నా ఆ మిషను ఆపకపోతివే నాయనా, ఊరికే తిరిగె" అని అమ్మ నొచ్చుకుంది కూడా.

ఇప్పుడు ప్రొద్దుటూరులో బావకు సన్మానమట. అందుకు అచ్చువేసిన పుస్తకాన్ని, అరవై దాటాక నేర్చుకున్న అక్షరాలతో కూడబలుక్కుని చదివాను. ఆ సంగీతంలో వచ్చే మూడు మౌనాలూ, పుట్టిన నేలకు దూరమైన కళాకారుడి గుండెకోతలట! పాట 'పేరు తెలియని ఒక పల్లె స్త్రీది' అట! తిన్న రొట్టె ఎవరు కాల్చారో కూడా తెలియదేమో.

బస్సెక్కి, ఆయన దిగిన లాడ్జికే వెళ్లి, మా అమ్మ పేరు వేయమని అడిగాను.

"ఆ దేశంలో అట్లనే రాస్తారు మే. పేరు లేకుంటేనే పాట శానా పాతదనుకుంటారు," అన్నాడు, మంచినీళ్లు తాగుతూ.

"అట్లయితే నీ పేరు గూడా తీసేయి బావా, ఇంగా పాతదైపోతాది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వి, శాలువా సర్దుకున్నాడు. పేరు మాత్రం వేస్తాననలేదు.

ఇప్పుడు మా వీధిలో అన్నీ మరమగ్గాలే. ఆ మోతలో పాడేవాళ్లూ లేరు, వినేవాళ్లూ లేరు. నా దగ్గరున్న ఆ ఒక్క పుస్తకంలో 'పేరు తెలియని' అన్న మాటలు కొట్టేసి, పైన వంకర అక్షరాలతో ఓబుళమ్మ అని రాశాను. అయినా ఫోనులో ఆ సంగీతం ఆగిన ప్రతిసారీ, నా వేళ్లు వాటంతటవే నాలుక దగ్గరికి పోతున్నాయి.