గుర్రం కాలు పట్టుకున్న తాత

మా తాత ఇంటి వెనక షెడ్డులో పిల్లలెక్కి ఊగే చెక్క గుర్రాలు చేస్తాడు. ముందు తను ఎక్కి ఊగి చూడందే ఏ గుర్రాన్నీ గడప దాటనివ్వడు. అంత బొజ్జేసుకుని, మోకాళ్లు చెవులకు తగిలేలా ఊగుతుంటే నవ్వాపుకోవడం నావల్ల కాదు.

ఆరోజు మాత్రం నవ్వు రాలేదు. గుర్రం కొనడానికొచ్చిన ఆవిడ నాతో మాట్లాడుతుండగానే, ఆవిడ చిట్టి కూతురు వెళ్లి కొత్త గుర్రం ఎక్కేసింది. దాని ముందుకాలిని తాత అప్పుడే జిగురు రాసి అతికించాడు, ఇంకా స్క్రూలు బిగించలేదు. పక్కనే నేలమీద పదునైన ఉలి ఉంది. అరిస్తే పిల్ల ఉలిక్కిపడి ఊగుతుంది. తాత చప్పుడు చేయకుండా నేలమీద బోర్లా పడుకుని, రెండు చేతులతో ఆ కాలు పట్టుకున్నాడు.

"గుర్రానికి కాలు నొప్పమ్మా, దిగుతావా?"

"దిగను. నువ్వు గట్టిగా పట్టుకో."

"పట్టుకునే ఉన్నా తల్లీ," అన్నాడు చెమటలు కారుతుంటే. తర్వాత నావైపు తిరిగి, "ఒసేయ్ కోతీ, చూస్తావేంటే, పిల్లను ఎత్తు!"

ఎత్తాను. కాలు ఊడి తాత చేతిలోకొచ్చింది, గుర్రం ఉలి మీదకి ఒరిగింది. వాళ్లమ్మ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"తాతా, నువ్వే విరగ్గొట్టేశావ్!" అంది పిల్ల నా చంకలోంచి.

"అవునమ్మా, నేనే," అన్నాడు తాత నేలమీంచే. ఆయన్ని లేపేసరికి నాకూ ఆవిడకీ తలప్రాణం తోకకొచ్చింది.