కృతజ్ఞతల ఫైలు

మా బావకు కృతజ్ఞత చెప్పడం ఒక జబ్బు. బొత్తాలు తెచ్చిచ్చేవాడికి చెబుతాడు, చిల్లర తిరిగిచ్చిన కండక్టరుకు చెబుతాడు, తప్పు నంబరుకు ఫోన్ చేసినవాడికి కూడా చెబుతాడు. ఆ జబ్బే ఆయన కొంప ముంచిందని చుట్టాలంతా అనుకుంటారు. కాదు. ముంచింది నేను. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను.

బావ అంటే మా అక్క మొగుడు. దర్జీ. ముప్పై ఏళ్లుగా ఇంటి ముందుగదిలోనే కొట్టు. ఒక పొడవాటి కత్తిరింపు బల్ల, ఆయన మిషను, అక్క మిషను, ఇస్త్రీపెట్టె, మూలన ఒక పాత కంప్యూటరు. ఆ కంప్యూటరు ఎవరో సూటు కుట్టించుకుని, కూలి ఇవ్వలేక పడేసి పోయింది. నలభై అయిదేళ్ల వయసులో బావ దాని ముందు కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. "బట్టలు చాలవని ఇదొకటి తగులుకుంది" అని అక్క నెత్తి బాదుకుంది. ఆరేళ్లు పట్టింది. ఛాతీ, భుజం, చెయ్యి కొలతలు అందులో వేస్తే, అసలు సైజులో కత్తిరింపు గీతలు కాగితాల మీద అచ్చై వస్తాయి. వాటిని అతికించి, గుడ్డ మీద పరిచి కోసుకోవడమే. గూని వీపువాళ్లకూ, ఒక భుజం జారినవాళ్లకూ కూడా సరిగ్గా గీస్తుంది. అదీ దాని గొప్ప.

దాన్ని ఎవరైనా ఊరికే వాడుకోండని ఇంటర్నెట్‌లో పెట్టేశాడు.

"అమ్మితే నీ సొమ్మేం పోయింది బావా?" అన్నాను. నేను కొట్లకు లెక్కలు రాసే గుమాస్తాను. నా బుర్ర అటే నడుస్తుంది.

"నాకు కత్తెర పట్టడం నేర్పినాయన నా దగ్గర పైసా తీసుకోలేదురా" అన్నాడు.

పోనీ, ఇష్టమున్నవాళ్లు డబ్బు పంపడానికి అక్కడే ఒక చోటు పెట్టమన్నాను. అవును, అది కూడా నేనే. పెట్టాడు. ఎక్కడెక్కడి దర్జీలో పంపడం మొదలెట్టారు. ఒకరు టీ డబ్బులు, ఒకరు ఒక చొక్కా కుట్టుకూలి. పంపిన ప్రతివాళ్లకూ బావ జవాబు రాసేవాడు. ఉత్తి నమస్కారంతో సరిపెట్టడు కదా! మీకెక్కడ ఇబ్బందిగా ఉందని అడుగుతాడు. కాలర్ లేస్తోందంటే ప్రోగ్రాంలో కాలర్ సరిచేసి, "మీరు పంపింది అందింది. మీరడిగిన కాలర్ కుదిర్చాను. చాలా థాంక్స్" అని రాస్తాడు. పైసా పంపనివాళ్లకూ అంతే చేశాడు. అసలు వాళ్లే ఎక్కువ, వాళ్లే ఎక్కువ ప్రాణం తీసేవాళ్లు.

నాలుగేళ్లయ్యాక ఆదాయపు పన్ను ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఈ డబ్బు ఏమిటని. వచ్చింది ఏడాదికి యాభై వేల లోపే కాబట్టి, అభిమానంతో ఇచ్చిందైతే పన్ను లేదు. పనికి ఇచ్చిందైతే నాలుగేళ్ల పన్ను, దాని మీద వడ్డీ, జరిమానా. వచ్చినదంతా బావ ఆ ప్రోగ్రాం ఖర్చులకే పెట్టాడు. కట్టమంటే అక్క మిషను అమ్మాల్సిందే.

"నేనున్నాగా!" అన్నాను. ఎంత పొగరుగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఉత్తరాలన్నీ అచ్చు తీయించాను. బల్ల నిండా గుట్ట. ఇచ్చినవాళ్ల మాటలూ, బావ కృతజ్ఞతలూ చూపిస్తే అధికారి కరిగిపోతుందని నా లెక్క. కూర్చుని ఏరాను. గుమాస్తా పని అదే కదా, లెక్కకు రాని కాగితాన్ని ఫైలులో ఉంచకూడదు. డబ్బు పంపనివాళ్ల ఉత్తరాలన్నీ తీసి పక్కన పెట్టాను.

"అవి కూడా పెట్టకూడదూ? వాళ్లకూ చేశాం కదరా" అన్నాడు బావ.

"బావా, కత్తిరింపు నీది, కాగితాలు నావి. నువ్వు ఊరుకో."

ఊరుకున్నాడు. ఆకుపచ్చ అట్టతో ముచ్చటైన ఫైలు తయారైంది.

ఆఫీసు మూడో అంతస్తులో. మా వెనక పదిమంది వరుసలో నిలబడ్డారు. అధికారి నడివయసు ఆవిడ, మర్యాదస్తురాలు. కోప్పడలేదు, విసుక్కోలేదు. నిదానంగా ఒక్కో కాగితం తిప్పి చదివింది.

"చూడండీ, డబ్బొచ్చిన ప్రతిసారీ మీరు పని చేసిచ్చారు. ఒక్కటి కూడా తప్పలేదు. ఇది అభిమానం ఎలా అవుతుంది?"

"నేను అందరికీ చేస్తానండీ" అన్నాడు బావ.

"ఇందులో అందరూ డబ్బిచ్చినవాళ్లే కదా. ఇదిగో, ఈవిడ చూడండి." పైకి చదవడం మొదలుపెట్టింది. "'ఆపరేషన్‌లో ఒక రొమ్ము తీసేశారు. ఏ చొక్కా వేసుకున్నా అటు పక్క వేలాడుతోంది. బయటికి వెళ్లాలంటే సిగ్గుగా ఉంది...' మీరు కొత్త గీత చేసిచ్చారు. తర్వాత ఆవిడ రెండోసారి డబ్బు పంపింది. ఇది పని కాదా?"

వెనక వరుసలో మాటలు ఆగిపోయాయి. బావ తల దించుకున్నాడు. ఆ ఉత్తరం రాసింది తనే అయినట్టు చెవులు ఎర్రబడ్డాయి.

"డబ్బివ్వనివాళ్లవీ ఉన్నాయండీ, ఇంట్లో ఉన్నాయి, గంటలో తెస్తాను!" అన్నాను నేను.

"ఉంటే ఎందుకు తేలేదు?"

బావ నా వైపు చూడలేదు. చూసి నాలుగు తిట్టినా బాగుండేది.

"కాగితాలు ఇవ్వడానికి ఇవాళ ఒక్కసారే అవకాశమండీ, అది అయిపోయింది. పైవాళ్లకు అప్పీలు పెట్టుకోండి" అంది ఆవిడ. ఆవిడ తప్పేముంది, నేను కట్టిచ్చిన ఫైలే ఆవిడ చదివింది.

అప్పీలు కాగితం ఆ వారమే రాసి తీసుకెళ్లాను. బావ సంతకం పెట్టలేదు.

"నువ్వు తీసిపెట్టిన గుట్ట ఉందే, అందులో ఏముందో ఎప్పుడైనా చదివావా? ఒకడికి కాలు పొట్టి, ఒకామె కూతురికి గూని. నాకు రాసుకున్నార్రా వాళ్లు. ఆఫీసు వరుసలో పదిమంది వినడానికి కాదు."

"మరి అక్క మిషను?"

"అమ్ముతాను."

అమ్మాడు. కొన్నవాడు వచ్చి తీసుకెళ్తుంటే అక్క పెరట్లోకి వెళ్లి బట్టలు ఉతుకుతూ కూర్చుంది. ఉతకాల్సినవి ఏమీ లేవు, ఉతికినవే మళ్లీ ఉతికింది. ముందుగదిలో మిషను ఉన్న మేర నేల మాత్రం పాలిపోయి ఉంది.

డబ్బు పంపే చోటు తీసేశాడు. ప్రోగ్రాం మాత్రం అలాగే ఉంచాడు. ఉత్తరాలు ఇప్పటికీ వస్తున్నాయి. తెర మీద వాటి మొదటి వరుసలు కనిపిస్తాయి, నడుము దగ్గర బిగుస్తోందని ఒకరు, మాస్టారు బాగున్నారా అని ఒకరు. ఆయన వాటిని తెరవడు. ఎవరికీ జవాబు లేదు. కొట్టుకు బొత్తాలు తెచ్చేవాడు ఇచ్చి వెళ్లిపోతాడు, ఈయన తలెత్తడు. జబ్బు నయమైంది.

మొన్న నేను దాచుకున్నది కవరులో పెట్టుకుని వెళ్లాను. అక్కకు ఇంకో మిషను కొనమని బల్ల మీద పెట్టాను.

బావ దాన్ని చేత్తో ముట్టుకోలేదు.

"ఇదేంటి, అభిమానమా?"

"అభిమానమే బావా. తప్పు నాది. నాకేమీ అక్కర్లేదు."

"నీకు అక్కర్లేదంటే సరిపోదురా. తీసుకుంటే నీకేదైనా చేసిపెట్టకుండా ఉండలేను. చేస్తే అది కూలి అయిపోతుంది."

లేచి, కవరు తీసి నా చొక్కా జేబులో కుక్కాడు. ఆ జేబు ఒక మూల కుట్టు ఊడి వేలాడుతోంది. ఆయన వేలు అలవాటుగా ఆ ఊడిన చోట ఆగింది. ఇదివరకైతే "విప్పరా" అని చొక్కా లాక్కుని, నేను టీ తాగేలోపు కుట్టి పడేసేవాడు. కాసేపు అక్కడే తడిమి, చెయ్యి తీసేశాడు.

"వెళ్లిరా" అన్నాడు.

ఆ జేబు ఇంకా అలాగే వేలాడుతోంది. కుట్టిపెట్టమని అడగడానికి నాకు మొహం లేదు.